బంగారాకూ తాత కత్తీ

మాది అరకు అని చెప్పుకోవడంలో కొంత అబద్ధం ఉంది. మా ఊరు ముంచింగిపుట్టు సంతకి నడిచి వెళ్లేంత దూరం. అక్కడినుంచి అరకు వెళ్లాలంటే బస్సెక్కి, మలుపులన్నీ తిరిగి, తిన్నది కడుపులోనే ఉంచుకోగలిగితే సగం పూట ప్రయాణం. కానీ విశాఖపట్నంలో ముంచింగిపుట్టు అని చెబితే జనం నా వైపు జాలిగా చూస్తారు. అరకు అంటే మాత్రం "అబ్బ, అదృష్టవంతురాలివి" అంటారు. అందుకని ఉద్యోగంలో చేరిన రోజే నేను అరకుదాన్నయిపోయాను. ఆ పాపం నిరుడు వేసవి చివర పండింది. నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో అందరూ కలిసి అరకు ట్రిప్పు పెట్టుకుని, గైడు మన దగ్గరే ఉంది కదా అని నన్ను వ్యానులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. అక్కడికి చేరాక తెలిసింది, టూరిస్టులు చూసే అరకు నేనెప్పుడూ చూడలేదని. వాళ్లు జలపాతం ఎటు అని అడిగితే నేను జీపులు ఎక్కడ ఆగుతాయో, పాముకాటుకి సూది ఏ ఆసుపత్రిలో ఉంటుందో చెప్పాను. మధ్యాహ్నానికి నన్ను వెనక సీట్లోకి మార్చారు.

మేం దిగిన రిసార్టులో నడిచే దారికి రెండు వైపులా, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఒక మొక్క బారులు తీరి ఉంది. అల్లం చెట్టులా దుబ్బుకట్టి మనిషెత్తు లేచింది. బారెడు ఆకుల మీద ఆకుపచ్చా పసుపూ చారలు, ఎవరో పనీపాటా లేనివాళ్లు కుంచె పట్టుకుని ఒక్కో ఆకు దగ్గరా కూర్చుని గీసినట్టు. కొన్ని ఆకులైతే మొత్తం పసుపే. ఆ నీడలో అవి వెలుగుతున్నట్టే ఉంటాయి. మా ఇంటి వెనక ఉన్నదీ అదే మొక్క. మేం దాన్ని బంగారాకు అంటాం. తేడా ఒక్కటే, రిసార్టులోది పూసి ఉంది. కాడల చివర గుత్తులు గుత్తులుగా వేలాడుతూ ముత్యాల్లాంటి తెల్ల మొగ్గలు, వాటి కొసన కాస్త గులాబీ రంగు. విచ్చుకున్న పువ్వుల లోపల పసుపు నోరు, ఎర్రటి గీతలు. పుట్టినప్పటినుంచీ ఆ మొక్క పక్కనే పెరిగినదాన్ని, దానికి పువ్వుంటుందని నేను నిజంగా ఎప్పుడూ నమ్మలేదు. ఉందని మా అత్త చెప్పేది. అత్త చాలా చెప్పేది.

"ఏంటే, మీ ఊరి మొక్కని నువ్వే అలా చూస్తున్నావు?" అంది సుధ. సుధ నాతోపాటు ల్యాబులో పనిచేస్తుంది. బాల్కనీలో కుండీలు పెంచుతూ, వాటికి ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెడుతుంది.

"మా ఇంట్లో ఉంది. ఒక్కసారీ పూయలేదు."

"ఎండ ఎక్కువా?"

"కాదు. నీడే. శ్రద్ధగా చూసుకుంటాం. ఏటేటా మొదలంటా నరికేస్తాం కూడా."

సుధ నా వైపు చూసిన చూపు, నేను పసిపిల్లల్ని నరికేస్తామని చెప్పినా అంతకంటే గట్టిగా ఉండేది కాదు. "పిచ్చిమొహమా! నిరుడు లేచిన కాడకే ఈ ఏడు పువ్వొస్తుంది. కాడ నరికేస్తే పువ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఆకాశం నుంచా?" అని, ఆ పువ్వుల పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయింది.

నేను అక్కడే ఉండిపోయాను. ఎందుకంటే మా ఇంట్లో ఆ మొక్క పూయకపోవడం తోట సంగతి కాదు. అది పూసిన రోజున మా అత్త మా ఇల్లు విడిచి వెళ్లిపోవాలి. పెద్దల ముందు కుదిరిన ఒప్పందం అది.

మా అత్త చిలకమ్మ, మా నాన్నకి అక్క. గూడెం కొత్తవీధి వైపు ఒక ఊరికి ఇచ్చారు. నేను పుట్టకముందే ఆ ఇంట్లోంచి ఒంటిమీది చీరతో బయటికొచ్చేసింది. ఎందుకొచ్చిందో నాకెప్పుడూ చెప్పలేదు. వీపు మీద భుజం కింద ఒక పెద్ద మచ్చ ఉండేది. స్నానానికి నీళ్లు పోసేటప్పుడు అదేంటని అడిగితే "జారి పడ్డాను" అనేది. వీపు మీద జారి పడడం ఎలాగో నేల మీద పడుకుని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. అక్కణ్ణుంచి నేరుగా పుట్టింటికి రావడానికి మొహం చెల్లక, అరకులో ఒక గెస్ట్ హౌస్‌లో ఊడ్చే పనికి చేరింది. కొన్నాళ్లకి తాత వెళ్లి తీసుకొచ్చాడు. అప్పుడు తనతో తెచ్చుకున్న ఆస్తి మొత్తం, తడిగుడ్డలో చుట్టిన ఒక దుంప.

అత్త వచ్చిన సంగతి తెలిసి ఆ ఊరి పెద్దలు వచ్చారు. వాళ్లలో ముఖ్యుడు లచ్చన్న అని, మంచివాడే. ఎవరికీ చెడు చెయ్యలేడు, మంచీ చెయ్యలేడు, అందుకే పెద్దమనిషయ్యాడు. కోడల్ని పంపమన్నారు. అత్త కదల్లేదు. పొద్దు వాలేదాకా మాట్లాడి మాట్లాడి అలిసిపోయిన లచ్చన్న ఆఖరికి, "మరి ఎప్పుడొత్తావో ఆ మాటైనా సెప్పమ్మా. ఉత్త సేతుల్తో ఎల్తే మా ఊల్లో మాకు మొకం సెల్లదు" అన్నాడట. అత్త వాకిట్లో ఒక మూలకి చూసింది. గుడ్డలో తెచ్చిన దుంప అప్పటికే రెండాకులు వేసింది.

"ఆ మొక్క పూసిన్నాడు ఒత్తాను."

"అంతేనా?"

"అంతే."

లచ్చన్నా పసుపు పండించేవాడే. లేచి వెళ్లి ఆకు చూశాడు. అది అప్పుడే పసుపెక్కి ఉంది. ఆకు ఇంత ముదిరిందంటే పువ్వెంత దూరంలే అనుకుని, సంతోషంగా సొరబుర్ర నిండా జీలుగు కల్లు తాగి వెళ్లాడు. మా కొండల్లో పెద్దల ముందు అన్న మాటకి కాగితం అక్కర్లేదు. మొక్క పూసేదాకా వాళ్లు పిలవకూడదు. పూశాక అత్త ఉండకూడదు. ఈ కథ నాకు మా అమ్మ చెప్పింది. చెప్పి, "మనకి కూర నేదు గానీ పెరట్లో కోర్టుంది" అనేది.

ఆ మొక్కని పెంచడం నేను చిన్నప్పటినుంచీ కొంత విన్నాను, కొంత చూశాను. దాన్ని పెంచడమంటే నీడతో బేరమాడడం. అత్త మొదట దాన్ని వాకిట్లో పెట్టింది, వచ్చేపోయేవాళ్లు చూస్తారని. మాఘమాసం ఎండకే ఆకుల అంచులు కాలిన కాగితంలా ముడుచుకున్నాయి. తవ్వి తీసి వెనక పనసచెట్టు మొదట్లో పెట్టింది. అక్కడ నీడ మరీ చిక్కన. బంగారమంతా మెల్లగా దిగిపోయి, మొక్క ఊరందరి పెరళ్లలో ఉండే మామూలు అల్లం చెట్టులా పచ్చబడింది. మా అమ్మ "బాగయింది కదా వదినా, రోగం తగ్గినట్టుంది" అంటే, అత్త ఆ రోజు అన్నం తినలేదు. చివరికి వంటింటి వెనక, సిల్వర్ ఓక్ చెట్ల కింద చోటు కుదిరింది. ఆ చెట్ల మీదికి మిరియాల తీగ పాకి ఉండేది, పక్కన కాఫీ మొక్కలు. ఎండ సరాసరి దిగదు, ఆకుల మధ్యనుంచి గింజలు గింజలుగా రాలుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లు అటే పారేవి. అక్కడ దానికి రంగొచ్చింది, దుబ్బు పెరిగింది. అప్పుడప్పుడు మధ్యలోంచి పూర్తిగా ఆకుపచ్చగా ఉన్న పిలక లేచేది, మిగతావాటికంటే బలంగా. దాన్ని చూస్తే చాలు అత్త మొదట్లోకి వేళ్లు పోనిచ్చి పీకేసేది. "బాగుంది కదత్తా, ఎందుకు పీకావు?" అంటే, "ఇది బలిస్తే ఆ బంగారప్పిలకలన్నీ సస్తాయే గుంటా. బలమున్నోడు ఒక్కడు సాలు ఇల్లు ముంచడానికి" అనేది. ఈ మాటలో లోతైన అర్థమేదో ఉందని పెద్దయ్యాక నాకు అనిపించింది. అత్తతో అంటే, "పిలక గురించి సెప్పేను, నీకెందుకింత ఆలోసన?" అని పోగొట్టేసింది.

ఇక మా తాత. తాత పేరు కొండన్న. నడుముకి కత్తి, నోట్లో అడ్డపొగ. నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చేవాడు కాబట్టి మాటలు తక్కువ. ఆయనకి లోకంలో రెండే రకాల మొక్కలు: తినేవి, సంతకి మోసేవి. కాఫీ, మిరియం, చోళ్లు, అన్నీ పండించేవాడు కానీ ఆయన మనసు పసుపు మీదే. మా ఇంట్లో కాలం కూడా పసుపుని బట్టే నడిచేది. పుష్యమాసం చలిలో పసుపు ఆకు ఎండి వాలిపోగానే కాడలు మొదలంటా కోసెయ్యాలి, ఆ తర్వాతే దుంప తవ్వాలి. వాకిట్లో పెద్ద డేగిసాలో పసుపు ఉడికేది. ఆ వాసన దుప్పట్లలోకీ జడల్లోకీ పుస్తకాల్లోకీ దూరేది. బడిలో మా మాస్టారు నా లెక్కల పుస్తకం తెరిచి ముందు వాసన చూసి, తర్వాత తప్పులు చూసేవాడు. అరచేతులు పసుపు, మడమలు పసుపు, గోడకి ఆనుకుంటే గోడా పసుపు. అలాంటి ఇంట్లో పుట్టుకతోనే ఆకు పసుపుగా ఉన్న మొక్కని పెట్టడం ఎంత ప్రమాదమో ఊహించండి. మా తాత కంటికి అది ఎప్పుడు చూసినా కోతకొచ్చినట్టే ఉండేది.

ఏటా అదే రోజు, అదే నాటకం. పసుపు మడి కోత అయ్యాక తాత ఇంటి వెనక్కి వచ్చేవాడు.

"సిలకమ్మా! కత్తేదే?"

"గుమ్మంలో ఉంది, సూసుకో. కల్లు కనబడవేటి?"

కత్తి గుమ్మంలోనే ఉండేది, నూరి, తళతళలాడుతూ. తాత దాన్ని తీసుకుని బంగారాకు దుబ్బు వైపు నడిచేవాడు. అప్పుడు అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేది.

"నానా, దాన్నొగ్గీ! అది పసుపు కాదు!"

"ఆకు పండింది. పండితే కొయ్యాల."

"దాని పుట్టుకే అలాటిది! ఎన్నిసార్లు సెప్పాల నీకు?"

"పుట్టుకతో పండినోల్లు ఎవులున్నారే? పసుపు సంగతి నాకు సెప్పకు."

శరుక్కుమని మొదటి కాడ పడేది. అత్త గుమ్మంలో కూలబడి, జుట్టు విరబోసుకుని, "నా మొక్క! ఈ ఏడు పూసేదే! నోటికాడికొచ్చింది నాగీసినాడే!" అని ఊరు వినేలా రాగం తీసేది. పక్కింటివాళ్లు కంచె మీంచి చూసి, ఓహో, మొక్క కోత అని లోపలికి పోయేవారు. మా అమ్మ మాత్రం అటు చూడకుండా పొయ్యి ఊదుతూ కూర్చునేది. ఆఖరి కాడ పడగానే అత్త లేచి, జుట్టు ముడేసుకుని, మామూలు గొంతుతో, "గుంటా, ఆకులు బేగి తే, వాడిపోతే సుట్టడానికి రావు" అనేది. ఆ ఆకుల్లో చోడిపిండి, బెల్లం, దంచిన వలిసె గింజలు కలిపి పెట్టి చుట్టి, ఆవిరి మీద ఉడికించేది. అల్లానికీ ఏలక్కాయకీ మధ్య ఎక్కడో ఉండే వాసన. ఏడాదిలో ఒక్కరోజే ఆ కుడుములు. అందుకని నిజం చెప్పాలంటే పిల్లలం మేం ఆ విషాదం కోసం నెలనుంచీ ఎదురుచూసేవాళ్లం.

చైత్రంలో ఇటుకల పండగకి బంధువులు ఊళ్లు తిరిగేటప్పుడు లచ్చన్న వచ్చేవాడు. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, ఇంట్లోకి కాదు, సరాసరి పెరట్లోకి వెళ్లేవాడు. అప్పటికి మొక్క మోకాలెత్తు కొత్త పిలకలతో ఉండేది.

"ఏటి సిలకమ్మా, ఇంకా పూయనేదా?"

"పూస్తే కబురెట్టనా పెదనాయినా? మొన్న పుస్యంలో నాన కోసీసినాడు."

లచ్చన్న తాత వైపు తిరిగి, "ఏటి కొండన్నా, కూతురు మొక్కని కోసెత్తావేటి?" అనేవాడు.

తాత అడ్డపొగ తీసి, తీరిగ్గా ఉమ్మి, "ఆకు పండితే నువ్వు కొయ్యవా?" అనేవాడు.

లచ్చన్న ఆలోచించేవాడు. "కోత్తాను."

"కొయ్యకపోతే దుంప ఏటవుద్ది?"

"కుల్లిపోద్ది."

"మరింకేటి?"

ఈ తర్కానికి తిరుగులేదు. లచ్చన్న కల్లు దగ్గర కూర్చునేవాడు. రెండో బుర్ర దగ్గర తాతకి కోపం వచ్చేది. "దీన్ని ఎన్నాల్లు మేపాల నాను? తీసుకుపో లచ్చన్నా, ఇప్పుడే తీసుకుపో, పీడ వదుల్తాది!" అని అరిచేవాడు. లచ్చన్న చెయ్యి అడ్డం పెట్టి, "అలాగెలా కుదురుద్ది? మాటిచ్చినాం కదా. పూయనీ, పూయనీ" అని తాతనే బుజ్జగించేవాడు. ఇంట్లో పిల్లలం తాత అరుపులకి హడలిపోయి, అత్తని ఈసారి నిజంగా పంపేస్తాడని గాదె వెనక దాక్కునేవాళ్లం. అత్త మాత్రం ఎండు చేపలు కాలుస్తూ, "ఉప్పు సాలిందా?" అని అడిగేది. ఈలోపల ఆయన, అంటే అత్త పెళ్లాడినవాడు, ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అయినా లచ్చన్న రావడం మానలేదు. మాట మాటే అనేవాడు. ఆ కల్లూ మంచిదే లెండి.

తాత మంచాన పడిన శీతాకాలం నాకు బాగా గుర్తు. పొయ్యి పక్కన నులక మంచం వేశాం. కాఫీ పళ్లు చెట్ల మీదే ఎండిపోతున్నాయి, పసుపు తవ్వే మనుషులు దొరకలేదు. వీటిలో ఒక్కదాని గురించీ అడగలేదు ఆయన. నాన్నని పిలిచి, "ఒరే, ఆ బంగారాకు కోసేరా?" అన్నాడు.

"నీకు బాగయ్యాక నువ్వే కోద్దువు గాని నానా."

"నాకు బాగవదు. నువ్వెల్లి కొయ్యి. ఏటేటా కొయ్యాల. మర్సిపోకు."

ఎవరైనా ఆఖరి రోజుల్లో పొలం అప్పగిస్తారు, పిల్లల్ని అప్పగిస్తారు. మా తాత ఆకు కోత అప్పగించాడు. మతి పోయిందని అందరం గుసగుసలాడుకున్నాం. నాన్న వెళ్లి కోసి, ఒక కాడ తెచ్చి చూపించాడు. తాత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో అత్త ఉంది. ఆ రోజు రాగం తియ్యలేదు. చలికి గొంతు పట్టేసిందనుకున్నాను.

తాత పోయాక నాన్న మాట తప్పకుండా ఏటేటా కోశాడు. కొన్నేళ్లకి అత్త పెళ్లాడినవాడు తాగి తాగి పోయాడని కబురు చెప్పడానికి లచ్చన్న వచ్చాడు. కబురు చెప్పి, అలవాటుగా పెరట్లోకి వెళ్లి, మొక్కని చూసి, "నీడ బాగుంది" అని వెళ్లిపోయాడు. అదే ఆఖరు. ఇప్పుడు మా ఇంట్లో పసుపు ఉడకదు, పచ్చిదే అమ్మేస్తున్నాం. మా పిన్ని కూతుళ్ల పుస్తకాలకి ఏ వాసనా లేదు. వలిసె పూలు గింజల కోసం కాదు, ఫోటోల కోసం వేస్తున్నారు. మొగుడు కొడితే ఆడమనిషి పువ్వు పేరు చెప్పి గడువు అడగక్కర్లేదు, పోలీసులకి ఫోను చేస్తే చాలంటారు. చెయ్యొచ్చు. మా ఊళ్లో సిగ్నలు కావాలంటే దిబ్బ ఎక్కాలి, అది వేరే సంగతి. విశాఖపట్నంలో దిబ్బ అక్కర్లేదు. అయినా మా ల్యాబుకి మొహం మీద దెబ్బలతో వచ్చేవాళ్లు జారి పడ్డామనే చెబుతారు. అంతమంది జారే ఊరు కాదది.

రిసార్టులో ఇవన్నీ ఒక్కసారి తలలో తిరిగాయి. మర్నాడు వాళ్లని వ్యానెక్కించి నేను ఊరికి బస్సెక్కాను. వెళ్లేసరికి అత్త పెరటి గుమ్మంలో కూర్చుని, చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తోంది.

"అత్తా, బంగారాకు నరికితే పూయదంట."

"ఎవులు సెప్పేరు?"

"నా స్నేహితురాలు."

"తెలివైందే." కత్తి ఆగలేదు.

"నీకు ముందే తెలుసా?"

"తొన తిను."

తిన్నాను. ఇంకో తొన ఇచ్చింది. అదీ తిని అక్కడే కూర్చున్నాను. నేను కదలనని అర్థమయ్యాక అంది, "గెస్టవుసులో మాలి సెప్పేడు. నిరుటి కాడ ఒగ్గీయాల, నరకకూడదని. అది ఇనే నాను లచ్చన్నకి ఆ మాట సెప్పినాను."

"తాతకి చెప్పావా?"

"నానెందుకు సెప్తాను? పసుపోల్ల ఇంట్లో పసుపు ఆకు నిలుత్తాదేటి? ఎవులో ఒకలు కోత్తారనుకున్నాను."

"అంటే పాపం తాత తెలియకే కోశాడు."

అత్త మొదటిసారి కత్తి ఆపింది. "మీ తాత పసుపు ఎప్పుడు కోసేవోడే?"

"ఆకు ఎండాక."

"ఎండి, వాలిపోయి, గాలికి గలగలమంటే గానీ కత్తి ఎయ్యడు. దీన్ని ఎలా కోసేవోడు? నీరు ఓడతా ఉండగా కోసేవోడు. ఆకులు నువ్వే కదే మోసేదానివి, గవును తడిసిపోయేది కాదేటి? పసుపులో పుట్టి పసుపులో ముసిలోడైనోడికి పండిన ఆకేదో పచ్చాకేదో తెలవదా?" మళ్లీ పనసకాయ మీదికి వంగింది. "మొదటేడు నాను ఊరకే కత్తి నూరి గుమ్మంలో ఎట్టేను. ఆయన తీసినాడు. ఆయన అడగనేదు, నాను సెప్పనేదు. అంతే."

"మరి నీకు పువ్వు చూడాలని లేదా?"

"సూడాలని నేకేం? అక్కడున్నన్నాల్లు పొద్దున లెగిసి ముందు దాన్నే సూసేదాన్ని. దానికోసమే కదే దుంప అడిగి తెచ్చుకున్నాను." ఇంకో తొన ఒలిచి నా చేతిలో పెట్టింది. "ఏదో ఒకటే దొరుకుద్ది మరి. ఇల్లయినా, పువ్వయినా."

చాలా బాధాకరమైన క్షణం. దాన్ని అనుభవిద్దామని కళ్లు తుడుచుకోబోతే చేతికున్న పనస జిగురు రెప్పలకి అంటుకుని, అత్త నూనె పెట్టి వదిలించేదాకా ఒక కంటితోనే ఉన్నాను. ఆ ఒక కంటితోనే అన్నాను, "ఇప్పుడెవరూ రారు కదా. నిన్ను పెళ్లాడినాయన పోయాడు, లచ్చన్న మంచం దిగడు. ఈ పుష్యం వదిలేద్దాం."

"మాటిచ్చినాను కదే గుంటా. పూస్తే ఎల్లాల."

"ఎక్కడికి?"

"అదే ఆలోసిస్తన్నాను" అంది, నూనె రాస్తూ.

పుష్యమాసంలో సెలవు పెట్టి వెళ్లాను. గుమ్మంలో కత్తి నూరి ఉంది. చెయ్యి అలవాటు. నాన్న దాన్ని తీసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ బయల్దేరాడు. నేను దుబ్బుకి అడ్డంగా నిలబడితే, "తప్పుకోవే, తాత సెప్పిన మాట" అన్నాడు. అప్పుడు చెప్పాను అంతా. నాన్న చాలాసేపు కత్తినే చూశాడు. "ముసిలోడు..." అన్నాడు. వెళ్లి ఆ కత్తితో కట్టెలు కొట్టాడు, ఇంటికి వారం సరిపడా. బంగారాకు నిలబడింది. ఆ ఏడు కుడుములు లేవు. త్యాగమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

ఈమధ్య ఒక ఉదయం ల్యాబులో ఒక పెద్దాయన చేతికి నరం దొరక్క వెతుకుతుంటే ఫోను మోగింది. నాన్న నంబరు. ఎత్తితే అత్త, దిబ్బ ఎక్కిన ఆయాసంతో.

"గుంటా, పూసింది."

సూది ట్రేలో పెట్టేశాను. "నిజంగా? ఎలా ఉంది? నాన్నని ఫోటో తీయమను!"

"ఫోటో తరవాత. సంచీ సర్దీసినాను."

"ఎందుకు?"

"ఏటే అలాగంటావు? పూస్తే ఎల్తానని సెప్పనేదా పెద్దల ముందు? ఎవులింటికి ఎల్లాలో వాల్లే నేరు, నానేటి సెయ్యను? మీ ఊల్లో సముద్రం ఉంది కదా, దాన్ని సూత్తాను. బస్సు ఎక్కడ దిగాలో సెప్పు."

పెద్దాయన చెయ్యి చాపుకుని నన్నే చూస్తున్నాడు. ఎక్కడ దిగాలో చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. "నెల్రోజులుంటావా అత్తా?" అన్నాను.

"నెల్రోజులేటి! నాల్రోజులు. ఇంకా మొగ్గలున్నాయి, అయన్నీ రాలిపోకముందే ఇంటికొచ్చీయాల."